జింకల దిబ్బకు ముళ్లకంచె

"అడవి మధ్య ఎత్తుగా మట్టిదిబ్బ పోయవలెను. దానిపై పచ్చిక పెంచవలెను. వరద వచ్చినప్పుడు జింకలు దిబ్బనెక్కి ప్రాణాలు దక్కించుకొనవలెను. శిలాఫలకం నిలపవలెను."

సూళ్లూరుపేటకు తూర్పున, ఏటా వానల్లో మునిగే అడవిలో, జింకల ఆవాసాభివృద్ధికి 1962లో తలపెట్టిన పనులివి. రేంజి ఆఫీసు గుమాస్తాగా ఈ జాబితా రాసింది నేనే. అన్నిటికంటే ముందు పూర్తయింది శిలాఫలకం!

తర్వాత దిబ్బ లేచింది. పచ్చిక మొలిచింది. జింకలు వచ్చి మేసేశాయి! రేంజరు రమణయ్యగారు మండిపడ్డారు.

"పెద్దదొరగారు తనిఖీకొస్తే గడ్డేదయ్యా? మళ్లీ పెంచి, చుట్టూ ముళ్లకంచె వేయించండి!"

వచ్చే నెల ఉద్యోగం పర్మనెంటు కావలసిన కాపలాదారు చెంగయ్య తల గోక్కున్నాడు.

"గడ్డి జింకలకే గదా సామీ?"

"కాదన్నానా? తనిఖీ అయినాక తినమను."

"వాన ముందొస్తే?"

"తనిఖీకి తేదీ ఉంది. వానకుందా?"

కంచె వేశాం. తనిఖీ వాయిదా పడింది. వాన మాత్రం మూడు రోజులు ఆగకుండా కురిసింది.

నేనూ చెంగయ్యా దోనెలో వెళ్లాం. దిబ్బ మీద మోకాలెత్తు పచ్చిక నవనవలాడుతోంది. కంచె బయట పీకల్లోతు నీళ్లలో జింకలు! ఒక పిల్ల తల్లి వీపు మీద మోర ఆనించి ఈదుతోంది.

చెంగయ్య నీళ్లలోకి దూకి కంచె గుంజ పట్టుకున్నాడు.

"ప్రభుత్వ ఆస్తి చెంగయ్యా! ఆర్డరు కావాలి," అన్నాను. చదువుకున్నవాణ్ణి మరి!

"ఆర్డరొచ్చేసరికి వీటికి తద్దినం పెట్టాల. మీరు అటు తిరుక్కోండి సామీ. చూళ్లేదని రాసుకోండి."

తిరిగాను. గుంజలు పెరికిన చప్పుడు, ఆ వెనకే డెక్కల చప్పుడు.

వారం తిరక్కుండా రెండు కాగితాలు రాశాను. మొదటిది: "రేంజరుగారి ముందుచూపు వల్ల ముప్పైయొక్క జింకలు రక్షింపబడినవి." ఆయనకు వెండి పతకం వచ్చింది. రెండోది కంచె ఎవరు పెరికారన్న విచారణకు నా సాక్ష్యం.

"చూళ్లేదండీ," అన్నాను.

"బి.ఏ. చదివి అబద్ధం రాస్తావా?" అన్నారు రమణయ్యగారు.

సిగ్గేసింది. నిజం రాశాను! చెంగయ్య ఉద్యోగం పోయింది.

ఆ దిబ్బ ఇంకా ఉంది. ఫలకం మీద పెద్దల పేర్లన్నీ ఉన్నాయి. ఎప్పుడైనా అటు వెళితే, అవన్నీ చదివాక, అక్షరం ముక్క రాని మా చెంగయ్యను కూడా ఒక్కసారి తలుచుకోండి.