మంత్రిగారి కుడికన్ను

శుక్లం ఆపరేషన్ అంటే ప్రజలకున్న భయం పోగొట్టడానికి, ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో కట్టిన కొత్త థియేటర్లో మొట్టమొదటి ఆపరేషన్ తానే చేయించుకుంటానని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. "నా కుడికన్ను ప్రజలకు అంకితం" అన్నారు. రోడ్లు, వంతెనలు అంకితం చేసినవాళ్లను చూశాం గానీ, సొంత కన్ను అంకితం చేసిన నాయకుణ్ని మేమెవరం ఎరగం.

నేను ఆయన దర్జీని. నా కుడికంట్లోనూ శుక్లముంది, ఎడమదీ మసకే. సూదిలో దారం ఎక్కించే పని ఎప్పుడో మా ఆవిడకి అప్పగించేశాను. తెల్లబట్టకీ మీగడరంగు బట్టకీ తేడా తెలియక రెండూ కలిపి కుట్టేస్తున్నాను. మంత్రిగారిదీ అదే చూపు కాబట్టి ఏనాడూ వంక పెట్టలేదు. మా ఇద్దరికీ అంత చక్కగా కుదిరింది.

నా ఆపరేషన్ కూడా ఆ రోజుకే పెట్టారు. కన్ను కొలిచి, లోపల అమర్చే లెన్సు పవరు కూడా తేల్చారు. అయితే మంత్రిగారి త్యాగానికి అడ్డు రాకూడదని ఆ రోజు మిగతా వాళ్ల ఆపరేషన్లన్నీ రద్దు చేశారు. నేనేమీ బాధపడలేదు. ఆయన కొత్త చొక్కా ఇవ్వడానికి ఎలాగూ ఆసుపత్రికి వెళ్లాల్సిందే కదా.

వెళ్లేసరికి మంత్రిగారు మంచం అంచున కూర్చుని, లోపల ఏం చేస్తారని డాక్టరమ్మని అడుగుతున్నారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. శుక్లమంటే కంటి మీద పేరుకునే పొర కాదట, కంటి లోపల పుట్టుకతో ఉండే లెన్సే వయసుతో మసకబారడమట. చుక్కల మందుకి కరగదట. చిన్న గాటు పెట్టి, పాత లెన్సుని అల్ట్రాసౌండుతో ముక్కలు చేసి పీల్చేసి, కొత్తదాన్ని మడిచి లోపలికి పంపితే అక్కడే విచ్చుకుంటుందట. కుట్లు కూడా అక్కర్లేదట. మంత్రిగారు మాత్రం 'ముక్కలు' అన్న మాట దగ్గరే ఆగిపోయారు.

"ఇంకా ముదరలేదేమో డాక్టరమ్మా. కొన్నాళ్లు ఆగుదాం."

"ముదిరేదాకా ఆగడం పాత పద్ధతండీ. చూపుకి ఇబ్బందిగా ఉంటే చాలు, చేసేస్తాం."

"నాకేం ఇబ్బంది? ఫైళ్లు పీఏ చదువుతాడు."

పోనీ పూర్తిగా మత్తిచ్చి పడుకోబెట్టమన్నారు. చుక్కలు వేస్తే కన్ను మాత్రమే మొద్దుబారుతుందని, ఆయన మెలకువగా ఉండి తాను చెప్పినప్పుడు లైటు వైపు చూడాలని ఆవిడ అంది. ఇన్నేళ్ల ప్రజాజీవితంలో మంత్రిగారిని మెలకువగా ఉండమని ఎవరూ అడగలేదు.

బయట హాల్లో పెద్ద తెర కట్టి, విలేకరులంతా కూర్చుని ఉన్నారు. పీఏ సమయస్ఫూర్తి గలవాడు. ఆపరేషన్ జరిగేటప్పుడు తెర మీద ఏం కనిపిస్తుందని డాక్టరమ్మని అడిగాడు. ముఖమంతా ఆకుపచ్చ గుడ్డ కప్పేస్తామని, ఒక్క కన్ను మాత్రమే కనిపిస్తుందని ఆవిడ చెప్పింది. అతను నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"మీదీ కుడికన్నేనా?"

కుడికన్నేనన్నాను. పొట్ట దగ్గర కొంచెం తక్కువయ్యానని దిండు కట్టమన్నాడు. ఆయన ఒంటి కొలతలు నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు, సరిగ్గా సరిపోయేలా నేనే కట్టుకున్నాను. డాక్టరమ్మ మా ముగ్గురి వంకా కాసేపు చూసింది. "ఇవాళ ఈ ఆసుపత్రిలో కనీసం ఒక్క రోగికైనా ఆపరేషన్ జరగాలి" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

నొప్పేమీ తెలియలేదు. రంగురంగుల వెలుగు, చల్లగా నీళ్లు, సన్నటి గుయ్‌మనే మోత. కత్తెర సానపట్టించుకొచ్చేంత సేపు కూడా పట్టలేదు. బయట చప్పట్లు మోగాయి. పక్కగదిలో టీవీలో తన ఆపరేషన్ తానే చూస్తూ మంత్రిగారు స్పృహ తప్పారు. ఈ చికిత్సలో తలెత్తిన ఇబ్బంది అదొక్కటే.

కన్ను నులమొద్దని, నీళ్లు తగలనివ్వొద్దని, కొన్ని వారాలు చుక్కలు మానొద్దని డాక్టరమ్మ నాకు చెప్పింది. విలేకరుల ముందు మాత్రం మందుల సంచి మంత్రిగారికే ఇచ్చారు. సంగతి తెలియని ఆయన శ్రీమతి వేళ తప్పకుండా ఆయన కంట్లో వేస్తూ వచ్చారట. నాకు డాక్టరమ్మ విడిగా ఇచ్చింది.

కొన్ని రోజులకి ఆసుపత్రి ఆవరణలో కృతజ్ఞత సభ పెట్టారు. నా కంటికి లోకం కడిగి ఆరేసినట్టుంది. ముందు వరసలో కూర్చుని తలెత్తగానే మంత్రిగారి చొక్కా కనిపించింది. ఒళ్లు తెలుపు, చేతులు మీగడరంగు, కాలరు ఆ రెండూ కాదు. సిగ్గుతో తల దించుకున్నాను.

ఆపరేషన్లు రద్దయిన వాళ్లంతా గేటు దగ్గర నల్లజెండాలు పట్టుకుని నిలబడ్డారు. చూపెలా ఉందని ఒక విలేకరి అడిగాడు. మంత్రిగారు నల్లకళ్లద్దాలు తీసి, గేటు వైపు చాలాసేపు చూశారు.

"అద్భుతంగా ఉంది. అదిగో, ఇంత ఎండలో నల్లగొడుగులు వేసుకుని నాకోసం నిలబడ్డ ఆ జనాన్ని చూడండి. వాళ్ల కళ్లలో ఆనందం కూడా కనిపిస్తోంది నాకు."

నినాదాలు ఆగిపోయాయి. ఒకాయన తన జెండాని అనుమానంగా పైకి కిందికి చూసుకున్నాడు. మంత్రిగారు ఒక్క చమత్కారంతో నిరసనకారుల నోళ్లు మూయించారని మర్నాడు పత్రికలన్నీ రాశాయి. ఆపరేషన్ తేదీలు అడిగిన వాళ్లందరికీ ప్రభుత్వం తలా ఒక గొడుగు మంజూరు చేసింది.

మొన్న నేను కొట్లో బట్ట కత్తిరిస్తుంటే ముందు కారాగింది. పీఏ దిగి వచ్చి, స్టూలు నా దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మంత్రిగారి పేరు మారుమోగడం చూసి ముఖ్యమంత్రిగారికి కూడా ప్రజలకొక కన్ను అంకితం చేయాలనిపించిందట. పెద్దాయనది ఎడమకన్నట.

"ఆయన మీకంటే కాస్త పొట్టి. ఆ సంగతి మేం చూసుకుంటాం" అని గొంతు తగ్గించాడు. "మీ రెండో కన్ను ఇంకా ఎవరికీ మాటివ్వలేదు కదా?"