సొరంటే ప్రాణం

"ఈ పిల్ల మన ఇంట్ల నిలుస్తదంటవా?" అంది ఆండాళు, పొయ్యి మీద పాలు ఇంకా పొంగకముందే.

దామోదర్ అద్దం ముందు గడ్డానికి సబ్బు రాసుకుంటున్నాడు. "ఏ పిల్ల?"

"ఇంట్ల ఎంతమంది పిల్లలున్నరు? కోడలు! ఐదు నెలలాయె, నన్ను ఒక్కపారన్న అత్తమ్మా అని పిలిచిందా? 'అండీ' అంటది. నేనేమన్న బ్యాంకు మేనేజర్నా?"

"ఇప్పుడేమైంది?"

"ఏం కాలే. అదే నా భయం."

ఆండాళు చదివింది ఏడో తరగతి. కానీ రాబోయే ఆపదల గురించి అడిగితే పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఆమె ముందు దిగదుడుపే. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఆమె మనసులో అది అప్పటికే కాలువలో పడి ఉంటుంది. కొడుకు మహేష్ మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తూ, శనివారం శనివారం సూర్యాపేట వస్తాడు. అక్కడ కిరాయి ఇల్లు దొరికితే భార్యను తీసుకుపోతానంటున్నాడు. కోడలు శ్రావణిది కోదాడ. ఇంట్లోనే తన గదిలో కూర్చుని కంప్యూటర్లో ఉద్యోగం చేసుకుంటుంది. పిట్టలా తింటుంది, పిట్టంత కూడా మాట్లాడదు. ఇల్లు దొరికేలోపు ఆ పిల్లను తనదాన్ని చేసుకోవాలని ఆండాళు ఆరాటం. ఎలాగో తెలియకనే ఈ దిగులంతా.

ఆ సోమవారం బీరకాయ వండాలని అనుకుంది. వండేదే. చాయ్ ఇద్దామని కోడలి గదిదాకా వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల శ్రావణి చెవులకు ఏదో తగిలించుకుని కోదాడ స్నేహితురాలితో మాట్లాడుతోంది.

"సొరంటే నాకు ప్రాణమని నీకు తెలుసు కదా సంతోషీ! ఇక్కడ వీళ్ళేమనుకుంటారోనని ఐదు నెలలు ముట్టలేదు. నిన్న ఉండలేక తలుపేసుకుని మొదలుపెట్టా. పిల్ల సొర... ఎంత ముద్దొస్తుందో!"

ఆండాళు చేతిలో చాయ్ చల్లారిపోయింది. సొరకాయ! ముప్పై రూపాయల సొరకాయ కోసం ఆ పిల్ల ఐదు నెలలు నోరు కట్టుకుంది! పిల్ల సొర అంటే పిందె కాబోలు, కోదాడోళ్ళు అట్లంటరు కాబోలు. తలుపేసుకుని తినడమేంది, పచ్చిదేనా? కడుపునొప్పి వస్తే?

ఎందుకైనా మంచిదని కోదాడకు, వియ్యంకుడు వెంకటేశ్వర్లుకు ఫోన్ చేసింది.

"అన్నా, మీ బిడ్డకు సొరంటే శాన పానమంట గదా?"

అవతల గొంతు తగ్గించి, "మీకు తెలిసిపోయిందా చెల్లెమ్మా?" అన్నాడు ఆయన. "పెళ్ళికి ముందే చెబుదామనుకున్నామండీ. ఇక్కడుండగా రెండు పూటలా అదే. అన్నం కూడా మానేసేది. వాళ్ళమ్మ తిట్టి తిట్టి అలిసిపోయింది."

"గందుకు తిడ్తరా అన్నా? ఆడపిల్ల సోకు! మా ఇంట్ల కడుపునిండ కానియ్యి."

"మీ మనసు వెన్నమ్మా!" అన్నాడు ఆయన.

బీరకాయలు మూలకు పోయాయి. మంగళవారం సొరకాయ పప్పు. బుధవారం సొరకాయ పులుసు, సొరకాయ పచ్చడి. గురువారం సొరకాయ తురిమి సర్వపిండి రొట్టెలు కాల్చింది. ఆండాళు ఎదురుగా పీట వేసుకుని, చెంపకు చేయి ఆనించుకుని కోడలు తినేదాకా చూసింది. శ్రావణి ముద్ద ముద్దకూ నీళ్ళు తాగుతూ గిన్నె ఖాళీ చేసింది. "ఇంకొంచెం?" అంటే తల ఊపింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సూసినవా? పిల్లకు కళ్ళల్ల నీళ్ళొచ్చినయి!" అంది ఆండాళు మొగుడితో పొంగిపోతూ.

"నాకూ వస్తున్నయే. సొరకాయ సలవ చేస్తది. ఎండాకాలంల చలికి వణుకుతున్న," అన్నాడు దామోదర్.

కూరగాయల ఎల్లయ్య పరేషాన్ అయ్యాడు. "ఏందక్కా, పొద్దుకు మూడు కాయలు? పెండ్లా, పెద్దకర్మా?" అన్నాడు. అయినా మోతెలో తన తోట నుంచి బస్తాడు తెప్పించి ఇంటికే దింపాడు. అది చాలదని భయపడి ఆండాళు కొడుక్కు కూడా వచ్చేటప్పుడు నాలుగు పట్టుకు రమ్మని చెప్పింది.

శనివారం మధ్యాహ్నం సొరకాయ పాయసం వండింది. జీడిపప్పు పైకి కనబడేట్టు సర్ది, గిన్నె పట్టుకుని గది దగ్గరికి పోయింది. లోపలి మాట విని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నేనిక్కడ ఉండలేను సంతోషీ! ఊపిరాడట్లేదు. ఇంకో అర నిమిషం ఉంటే చచ్చిపోతా! ఆ మొసలొకటి, పొద్దున్నుంచీ నా వెంటే. ఎటు పోతే అటు నోరు తెరుచుకుని వస్తోంది. ఇవాళ దాని సంగతి తేల్చేస్తా!"

మొసలి అంది శ్రావణి. తలుపు అవతల ఆండాళుకు వినబడింది 'ముసలి'. ఇంట్లో ముసలి ఎవరు? పొద్దున్నుంచీ వెంట పడ్డది ఎవరు? నోరు తెరిచి ఇంకొంచెం, ఇంకొంచెం అన్నది ఎవరు?

పాయసం గిన్నె గడప మీద పెట్టి ఆండాళు వచ్చేసింది. ఏడవలేదు. బీరువా తెరిచి నాలుగు చీరలు సంచిలో పెట్టుకుంది.

"ఎటు పోతున్నవే?" అన్నాడు దామోదర్.

"మోతెకు, మా తమ్ముని తాన ఉంట. నేనుంటే పిల్లకు ఊపిరాడ్తలేదంట. ఆ పిల్ల ఎందుకు పోవాలె? మనింటి దీపం. నేనే పోత."

"మరి నాకు అన్నం?"

"సర్వపిండి ఉన్నది. వారం తినొచ్చు."

దామోదర్ భయపడి కొడుక్కు ఫోన్ చేశాడు. అప్పటికే బస్సులో ఉన్న మహేష్ మామకు ఫోన్ చేశాడు. చేరే మాట చేరేటప్పటికి కొంచెం పెరుగుతుంది కదా. కోదాడ చేరేసరికి అది "అత్తాకోడళ్ళు కొట్టుకుంటున్నారు" అయింది. గంటన్నరలో గుమ్మంలో నాలుగు సొరకాయలతో మహేష్, వాడి వెనకే చెమటలు తుడుచుకుంటూ వెంకటేశ్వర్లు దిగారు. హాలు మధ్యలో సంచి ఒళ్ళో పెట్టుకుని ఆండాళు కూర్చుని ఉంది. వియ్యంకుడు చుట్టూ చూశాడు. మంచం కింద, బల్ల కింద, టీవీ పక్కన, ఎక్కడ చూసినా కాయలే.

"ఇదేంటమ్మా, ఇంట్లో ఆనపకాయల తోటేశారు?"

"నువ్వే గద అన్నా, సొరంటే పానమన్నవు!"

"సొరంటే ఇదా? ఇది ఆనపకాయ! నేను చెప్పింది సొరచేపమ్మా! కంప్యూటర్లో ఆట. సొరచేపయి సముద్రమంతా తిరుగుతా, దొరికినదాన్నల్లా మింగటమే. ఆనపకాయా? అది ఉడికే వాసనొస్తే మా అమ్మాయి పక్కింటికి పోద్ది!"

మాటలకు శ్రావణి బయటికి వచ్చింది. తండ్రిని, మొగుణ్ణి, అత్త ఒళ్ళో సంచిని చూసి బిత్తరపోయింది.

"మరి ముసలి?" అంది ఆండాళు చిన్నగా. "నా సంగతి తేలుస్తనంటివి గదా బిడ్డా."

"మొసలండీ! మొ... సలి! నీళ్ళల్లో ఉండేది! నా సొరను కొరుకుతుంటే ఒడ్డు మీదికి దూకా. ఒడ్డున సొరకు ఊపిరాడదు!"

దామోదర్ ముందు నవ్వాడు. తర్వాత మహేష్. వెంకటేశ్వర్లు నవ్వాలో వద్దో తెలియక సొరకాయ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఆండాళు మాత్రం నవ్వలేదు.

"అయితే ఐదు రోజులు ఎట్ల తిన్నవు బిడ్డా? ఒద్దనరాదా?"

శ్రావణి కాలి బొటనవేలు చూసుకుంది. "మీరు ఎదురుగా కూర్చుని అంత ఆశగా చూస్తుంటే... వద్దనలేకపోయానండీ."

మగవాళ్ళు మెల్లగా చాయ్ పేరు చెప్పి బయటికి జారుకున్నారు. శ్రావణి ఏమనుకుందో, అత్త చేయి పట్టుకుని గదిలోకి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టింది. తెర నిండా నీలం నీళ్ళు. మధ్యలో బూడిదరంగు చేప ఒకటి తోక ఊపుతోంది. చేతిలో మీటలున్న డబ్బా పెట్టి, ఏది నొక్కితే ఎటు పోతుందో చూపించింది.

"ఎంత దూరం పోవచ్చు?"

"ఎటైనా పోవచ్చండీ. సముద్రమంతా మనదే."

ఆండాళు సొర మనుషులను తినలేదు. ఈతగాళ్ళు కనబడితే, "పైలం బిడ్డా, ఒడ్డుకు పోండ్రి," అంటూ చుట్టు తిరిగి పోయింది. చిన్న చేపలను తినడానికి కూడా మనసొప్పక అది సగం ఆకలితోనే ఈదుతోంది. అలా పోతూ పోతూ, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది.

"నిజం చెప్పు. నేను నీకు ఊపిరాడకుంట చేస్తున్ననా?"

సొర ఒక దీవి చుట్టూ తిరిగింది. ఇంకోసారి తిరిగింది. బయట వరండాలో చాయ్ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. ఆండాళు గుండెలో మోతె బస్సు బయలుదేరింది, కాలువ కట్ట కూడా ఎక్కింది.

"కొంచెం," అంది శ్రావణి చివరికి. ఆ పైన అత్త భుజం మీద గడ్డం ఆనించి, ఆ ఇంటి మాటలోనే చెప్పింది. "సొరకాయ బంద్ చేస్తే మంచిగ ఆడతది, అత్తమ్మా."

వంటింట్లో ఇంకా పదకొండు కాయలున్నాయి.