జయరామప్ప కంప్యూటరు ప్రళయాన్ని దాటిన విధము

భూమండలంలోని సమస్త కంప్యూటర్లూ రాబోయే జనవరి ఒకటో తేదీన ఒక్కపెట్టున మతి తప్పి, రెండువేల సంవత్సరాన్ని పందొమ్మిది వందల సంవత్సరమని భ్రమించి, బ్యాంకులనూ విమానాలనూ ప్రభుత్వాలనూ నేలమట్టం చేయబోతున్నాయనీ, ఆ మహాప్రళయంలో చెక్కు చెదరకుండా నిలిచేది కెలమంగలంలోని తన ఇంటి కంప్యూటరు ఒక్కటేననీ జయరామప్ప ప్రకటించాడు. ప్రకటన వెలువడిన స్థలం పట్టుపురుగుల పెంపకందారుల సంఘం అరుగు. కాలం పందొమ్మిది వందల తొంభై తొమ్మిది, డిసెంబరు.

సంఘ సభ్యులు భయభక్తులతో విన్నారు. వారిలో కంప్యూటరును చూసినవారు కొద్దిమంది. ఆ కొద్దిమందీ చూసింది జయరామప్ప ఇంట్లోనే, అదీ గడప ఇవతలి నుంచే. హోసూరు నుంచి వ్యానులో దిగిన నాడు దానికి గుమ్మడికాయ కొట్టారు. మానిటరు నుదుట కుంకుమ వెలసింది. పైన పట్టుశాలువ కప్పారు. రోజూ సాయంకాలం జయరామప్ప స్నానం చేసి, శాలువ తొలగించి, యంత్రాన్ని మేల్కొలిపి, తెర మూలన కనిపించే తేదీని, వేళను తన చేతిగడియారంతో సరిచూసుకుని, తృప్తిగా తల పంకించి ఆర్పేసేవాడు. గోడ గడియారం చేసే పనిని అంత ఖర్చుతో చేయించుకోగల స్తోమత ఆ చుట్టుపక్కల మరెవరికీ లేదు.

జనవరిలో సంఘానికి కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. సర్కారు సంఘానికొక కంప్యూటరు మంజూరు చేయనున్నదని వదంతి. కంప్యూటరు గల సంఘానికి కంప్యూటరు గల అధ్యక్షుడే ఉండాలని జయరామప్ప అభిప్రాయం. ఆ పీఠం మీద ఆయన మనసు ఎంత గాఢంగా లగ్నమైందంటే, అధ్యక్షోపన్యాసం ఇప్పటికే కంఠస్థమై ఉంది.

ఆయనకు మరో కీర్తి కూడా కలదు. ఇంట్లో ఫ్రిజ్, గ్రైండరు, టీవీ, నీళ్ళు కాచే హీటరు, గదికో ఫ్యాను, వీటన్నిటి మీద కంప్యూటరు; అయినా కరెంటు బిల్లు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసిన ఫిర్కా మొత్తానికి అతి తక్కువ. "విద్యుత్తు జాతి సొత్తు" అని ఆయన తరచుగా సెలవిచ్చేవాడు. కూలికి పోతూ గుడిసెలో కొద్దిపాటి పట్టుపురుగులు పెంచుకునే గంగప్ప, పురుగులు ఆకు మేసే చివరి దశలో స్తంభానికి కొక్కెం తగిలించి ఒక బల్బు వెలిగించుకున్నాడు. లైన్‌మన్ రాజప్పను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ కొక్కేన్ని చూపించిన దేశభక్తుడు జయరామప్పే. గంగప్ప అపరాధ రుసుము కట్టాడు. ఆ సందర్భంగా జరిగిన సభలో జయరామప్ప కళ్ళు చెమర్చాయి.

ఇక ఆ పొదుపులోని రహస్యం. ఇంటి వెనుక మల్బరీ తోటలో ఆయన బోరు మోటారు ఉంది. రైతుల మోటార్లకు కరెంటు ఉచితం, మీటరు ఉండదు. ఆ మోటారు గది నుంచి ఒక తీగ మల్బరీ సాళ్ళ కింద భూగర్భంలో ప్రయాణించి, నడవలో గోడకు తగిలించిన "ఆదర్శ రైతు" ప్రశంసాపత్రం వెనుక బయటపడుతుంది. అక్కడ ఒక స్విచ్చి. మోటారు కరెంటు వంతుల వారీగా వస్తుంది: ఒక వారం ఉదయం, మరో వారం మధ్యాహ్నం. వచ్చినంతసేపు స్విచ్చి పైకి. ఇల్లంతా మోటారు లైను మీద నడుస్తుంది. పోగానే స్విచ్చి కిందికి; ఇంటి లైను. ఆయన దినచర్యలో దీపారాధనైనా తప్పేది గానీ ఆ పటాన్ని పక్కకు జరపడం తప్పేది కాదు. దీన్ని దొంగతనమని ఆయన ఏనాడూ తలచలేదు. ప్రభుత్వం రైతుకు ఇచ్చింది; తాను రైతు; రైతు ఫ్యాను కింద కూర్చున్నంత మాత్రాన రైతు కాకపోడు కదా.

ప్రళయ నివారణకు ఆ సోమవారం ఉదయం బావమరిది తిలక్ వచ్చాడు. ఆయన భార్య మంజులమ్మ తమ్ముడు. హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ఉద్యోగం. కంప్యూటరు కోర్సు చదివినవాడు. చేతిలో ఫ్లాపీ ఉంది.

"బావా, ఇది మామూలు ప్రోగ్రాం కాదు. బోర్డు మీద చిప్పులో ఉండే బయాస్. మిషన్ కండ్లు తెరవల్లంటే మొదట అదే. పాతదానికి రెండువేలు తెలీదు. దాన్ని చెరిపి కొత్తది రాయల్ల. రాసేటప్పుడు కరెంటు పోతే అంతే."

"అంతే అంటే?"

"పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. నీ యూపీఎస్ యాడ?"

"యూపీఎస్ ఎందుకప్పా? మనింట్లో కరెంటు పోదు."

"రాజప్పను అడిగినాను. ఈ పొద్దు మన వీధికి కరెంటు తీయరంట."

"ఇంకేమి. కానీ."

వంటింటి నుంచి మంజులమ్మ గొంతు వినిపించింది. "ఇదో, ఒకసారి ఈడికి వస్తారా? ఈ పొద్దు సోమవారం కదా..."

"సోమవారమైతే ఏమిప్పుడు? ఈడ టెక్నాలజీ జరగతా ఉంటే నీకు వారాలు గుర్తొస్తా ఉండాయి."

తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకింది. జయరామప్ప చేతులు జోడించాడు. గీత సగం దాటింది. ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది.

సోమవారం అంటే వంతు మారే రోజు. గత వారపు ఉదయం వంతును ఆ పొద్దుటే మధ్యలో ఆపేస్తారు; ఇక ఈ వారమంతా మోటారు కరెంటు మధ్యాహ్నం వస్తుంది. మంజులమ్మ చెప్పబోయింది ఇదే.

తిలక్ వీధిలోకి పరుగెత్తి, నోరు తెరుచుకుని తిరిగి వచ్చాడు. "బావా, ఎదురుగా సంఘం ఆఫీసులో ఫ్యాను తిరగతా ఉండాది. ఆ పక్కింట్లో రేడియో పాడతా ఉండాది. మనింట్లో ఒక్కదాంట్లోనే పోయినాది. ఫ్యూజు చూస్తాను ఉండు."

"మీటరు బోర్డు ముట్టద్దు."

"ఎందుకు?"

"మా వంశంలో సోమవారం ఇనుము ముట్టరు."

తిలక్‌ను స్తంభం చూసి రమ్మని పంపి జయరామప్ప పటం జరిపాడు. కరెంటు వచ్చింది. కంప్యూటరు మాత్రం రాలేదు. లోపలి ఫ్యాను తిరుగుతోంది. తెర మాత్రం అమావాస్య. తిలక్ పెట్టె విప్పాడు. మెమరీ పలకను ఊడదీసి రబ్బరుతో రుద్దాడు. బిళ్ళ బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, మళ్ళీ పెట్టాడు. కేబుళ్ళు మార్చాడు. తన వంతుగా జయరామప్ప కర్పూరం వెలిగించాడు. చివరకు తిలక్ కంటికి ఒక సంగతి కనబడింది: మిషన్ వేసినప్పుడల్లా ఫ్లాపీ డ్రైవు దీపం వెలిగి, లోపల గరగరమని శబ్దం వస్తోంది.

"ఇది పూర్తిగా చావలేదు బావా. చిప్పు అడుగున పాత బయాస్ చిన్న ముక్క మిగిలినాది. అది ఫ్లాపీ ఇయ్యి, ఫ్లాపీ ఇయ్యి అని అడగతా ఉండాది. సరైన ఫ్లాపీ తయారు చేసుకొని ఆదివారం వస్తాను. ఈసారి కూడా కరెంటు పోతే బోర్డు తీసి పారేయల్సిందే. ఈ పొద్దు ఎందుకు పోయినాదో నిజం చెప్పు."

"దేవుని లీల," అన్నాడు జయరామప్ప.

ఆ ఆదివారానికే ఆయన జీవితంలోని మహత్తర ఘట్టం నిర్ణయమై ఉంది. విద్యుత్ పొదుపు వారోత్సవాల సందర్భంగా అసిస్టెంటు ఇంజనీరు పరశురామ్ ఫిర్కాలో అతి తక్కువ బిల్లు గల గృహస్థును వెదకి, జయరామప్పను కనుగొన్నాడు. సన్మానం ఆయన ఇంటి నడవలోనే. ముహూర్తం మధ్యాహ్నం మూడు గంటలకని జయరామప్ప స్వయంగా పెట్టించాడు. ఆ వేళకు మోటారు కరెంటు ఉంటుంది. ఇంజనీరు ఎదుట మీటరు కదలదు. అదే వేదిక మీద కంప్యూటరు పునర్జన్మ ఎత్తితే ఇక అధ్యక్ష పీఠానికి ఎన్నిక ఒక లాంఛనం.

మైకు సెట్టుకు కరెంటు ఎదురుగా ఉన్న సంఘం ఆఫీసు నుంచి తెప్పించారు. పొదుపు పురుషుడి ఇంట్లో మైకు పెట్టి మీటరును బాధించడం ధర్మం కాదని జయరామప్పే వారించాడు.

పరశురామ్ వచ్చాడు. నడవ నిండా జనం. గుమ్మం దగ్గర గంగప్ప కూడా నిలబడ్డాడు. కుర్చీలు మోసింది అతనే. ఇంజనీరు ముందుగా మీటరు వద్దకు వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, నిశ్చలంగా ఉన్న చక్రాన్ని తదేకంగా చూశాడు. ఆయన నెత్తి మీద రెండు ఫ్యాన్లు హోరుమని తిరుగుతున్నాయి.

"చూడండప్పా," అన్నాడు మైకులో. "చక్రం కదలతా ఉందా? లేదే. ఇంత నిగ్రహం నేను నా సర్వీసులో చూడలేదు."

జనం చప్పట్లు కొట్టారు. జయరామప్ప తల వంచుకున్నాడు. అధికారి కొత్త ప్రశంసాపత్రం మీద అక్కడికక్కడే సంతకం చేసి, సిరా ఆరడానికి ఊదాడు.

గదిలోంచి తిలక్ తల బయట పెట్టాడు. "బావా, ఫ్లాపీ వేస్తా ఉండాను. చదవను మొదలుపెట్టినాది. ఒక ఐదు నిమిషాలు కరెంటు రెప్ప కూడా కొట్టకూడదు."

ఈ మాట పరశురామ్ చెవిన పడింది. కరెంటు గురించి ఒక పౌరుడు బెంగపడటం, అదీ తన ఎదుట, ఆయనకు అవమానంగా తోచింది. "నేను ఉండగా కరెంటుకు భయమేమప్పా? ఫోన్ యాడుంది?"

"వద్దు సార్, మీకెందుకు శ్రమ," అన్నాడు జయరామప్ప.

ఇంజనీరు అప్పటికే ఫోను తిప్పాడు. "సబ్‌స్టేషనా? పరశురామ్. మన సన్మానం ఇంట్లో ముఖ్యమైన పని జరగతా ఉండాది, ఓల్టేజి బాగా రావల్ల... ఏమంటివి, మోటార్లు లాగేస్తా ఉండాయా? అయితే పావుగంట మోటారు లైను ఆపేయప్పా. ఇంటి లైను మాత్రం ముట్టద్దు."

"సార్, వద్దు సార్." జయరామప్ప అధికారి చేయి పట్టుకున్నాడు. "రైతుల మోటార్లు సార్. ఈ వేళప్పుడు నీళ్ళు ఆపితే పాపం."

పరశురామ్ కరిగిపోయాడు. ఫోను పక్కకు పెట్టి మైకు వైపు తిరిగాడు. "విన్నారా? తన పని చెడినా సరే, రైతు బాగుండల్లంట." మళ్ళీ ఫోను అందుకున్నాడు. "ఇట్లాంటి మనిషికి చేయకపోతే ఇంకెవరికి చేస్తాము? ఆపేయ్."

సబ్‌స్టేషను ఎన్నడూ లేనంత చురుకుగా పనిచేసింది. ఫ్యాన్లు ఆగాయి. ట్యూబులైట్లు ఆరాయి. ఫ్రిజ్ ఒకసారి గురక పెట్టి ఊరుకుంది. గదిలో ఫ్లాపీ గరగర మధ్యలోనే తెగింది. ఎదుటి సంఘం ఆఫీసులో మాత్రం ట్యూబులైటు ధగధగ వెలుగుతోంది. ఆ ఆఫీసు కరెంటు మీద బతుకుతున్న మైకు కూడా సజీవంగానే ఉంది.

మంజులమ్మ వంటింటి నుంచి వచ్చి భర్త చెవి దగ్గర, అంటే మైకు దగ్గర, గొంతు తగ్గించి అంది:

"ఇదో, మోటారు కరెంటు పోయినాది. పటం వెనకాల స్విచ్చి కిందికి తిప్పండి. అట్లే నిలబడినారే?"

ఆ గుసగుస వీధి దాటి, బస్టాండు దాటి, మల్బరీ తోటల మీదుగా సాగిపోయింది.

తిలక్ గదిలోంచి వచ్చి పటాన్ని, బావను మార్చి మార్చి చూశాడు. "దేవుని లీల ఈడ ఉండాదా బావా?"

పరశురామ్ "ఆదర్శ రైతు" పటాన్ని జరిపాడు. స్విచ్చిని చూశాడు. తన సంతకాన్ని చూశాడు. ఈ పెద్దమనిషిని పట్టిస్తే, ఇతణ్ణి వెదకి తెచ్చిన ఘనుడెవరని పైఅధికారులు అడుగుతారు. ఆయన గొంతు సవరించుకుని మైకులో పలికాడు: "సాంకేతిక కారణాల వలన స్వల్ప అంతరాయం ఏర్పడినది. సభ్యులు సహకరించవలెను."

"సార్," అన్నాడు గుమ్మం దగ్గరి నుంచి గంగప్ప. "నా బల్బు కూడా సాంకేతిక కారణమే. పైన పటం తగిలించుకోక దొరికిపోయినాను."

నవ్వినవారు వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. అధికారి స్విచ్చి కిందికి తిప్పాడు. కరెంటు వచ్చింది, ఇంతకాలం నిగ్రహం పాటించిన మీటరు చక్రం గిర్రున తిరగనారంభించింది. దాని వైపు ఎవరూ చూడలేదు. పరశురామ్ పాత పటాన్ని తీసి, అదే మేకుకు తాను తెచ్చిన పొదుపు ప్రశంసాపత్రాన్ని తగిలించాడు. కొత్తది కాస్త పెద్దది. స్విచ్చి పిడి కూడా చక్కగా మరుగుపడింది. శాలువ కప్పారు. చప్పట్లు కొట్టారు.

కంప్యూటరు మళ్ళీ లేవలేదు. తిలక్ ఫ్లాపీని జేబులో వేసుకుని హోసూరు బస్సెక్కాడు. జనవరి ఒకటో తేదీ వచ్చింది, పోయింది. ఆ యంత్రం రెండువేల సంవత్సరాన్ని పందొమ్మిది వందలని చూపలేదు, మరే సంవత్సరమనీ చూపలేదు. జయరామప్ప చెప్పినట్లే ప్రళయం దాన్నేమీ చేయలేకపోయింది.

సన్మానం జరిగిన మర్నాటి నుంచే ఆయన ఇంటికి సంఘ సభ్యులు రాసాగారు. తనను తిట్టడానికే వస్తున్నారని జయరామప్ప తలుపు ఓరగా తీసేవాడు. మొదట బేరిగై లింగయ్య వచ్చి, వర్షాల గురించి మాట్లాడి, లేచి వెళ్ళబోతూ గొంతు తగ్గించాడు: "అది సరే గాని, ఆ స్విచ్చి పెట్టిన ఎలక్ట్రీషియన్ ఎవరప్పా?" తరువాత అచ్చెన్న వచ్చి కాఫీ తాగి అదే అడిగాడు. ఆ తరువాత కార్యదర్శి ప్రసాదు. వారం తిరిగేలోగా సభ్యులంతా వచ్చిపోయారు, విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరు. జనవరిలో జయరామప్ప ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. కొత్త పాలకవర్గం మొట్టమొదట చేసిన తీర్మానం కరెంటు దొంగతనాన్ని ఖండిస్తూ.

స్విచ్చి గురించి అడగడానికి రానివాడు గంగప్ప ఒక్కడే. అతనికి నీతి ఎక్కువై కాదు. మోటారు లేదు.