తాతగారితో సహా టెలిఫోను

వంశమనేది పుట్టుకతో రాదు, వేలంపాటలో వస్తుంది! ఈ మహాసత్యాన్ని గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రజానీకం ఎదుట నిరూపించిన ఘనత, ముప్ఫయ్యొక్క సంవత్సరాలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన బాలసరస్వతి గారిది. ఆ ముప్ఫయ్యొక్క సంవత్సరాల్లో ఆవిడ ఒక్క అబద్ధం రాయలేదు. రాయవలసిన అవసరమూ రాలేదు. ఆవిడ చెప్పిన పాఠాలన్నీ ప్రభుత్వం వారు అచ్చువేయించినవే!

గుంటూరు అరండల్‌పేటలో ఆవిడ ఇంటి కింద షట్టరులో అస్లాం కొట్టు పెట్టుకున్నాడు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాక టీవీలు, టీవీలు పోయాక సెల్లులు, సెల్లులు బాగుచేయించుకునేవాళ్లు కూడా పోయాక, పాత వస్తువులు కొని ఆన్‌లైన్ వేలంలో అమ్మడం మొదలుపెట్టాడు. ఒంగోలులో మూతపడ్డ ఒక పొగాకు కంపెనీ ఆఫీసు నుంచి నల్లటి డయల్ ఫోన్లు రెండు గోతాల నిండా తూకానికి కొనుక్కొచ్చాడు. తుడిచి, ఫొటోలు తీసి, వేలంలో పెట్టి కింద ఇలా రాశాడు:

'నల్ల ఫోను. బరువు రెండు కిలోలు. డయలు తిరుగుతుంది. అవతల ఎవరూ పలకరు.'

ఇవతలా ఎవరూ పలకలేదు. ఎనిమిది రోజులు చూసి మెట్లెక్కి పైకి వచ్చాడు.

"టీచరమ్మా, మీరు రెండు మంచి ముక్కలు రాసిపెట్టండి. నా తెలుగు బిల్లు పుస్తకం దాటి రాదు."

"నాకు ఫోన్ల సంగతేం తెలుసయ్యా?"

"ఫోన్ల సంగతి నాకు తెలుసు, అందుకే అమ్ముడుపోవట్లేదు!"

బాలసరస్వతి గారు కళ్లజోడు పెట్టుకుని, ఫోను నలుపునీ నునుపునీ నాలుగు వాక్యాల్లో వర్ణించి, చివర ఇంకో వాక్యం చేర్చారు. 'కరవు ఏడాదిలో ఏ రైతు పెద్దో బహుశా ఈ ఫోనులోనే కలెక్టరు గారితో మాట్లాడి ఉండవచ్చు.' ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. వ్యాసం రాస్తే ముగింపు ఉండాలని పిల్లలకు చెప్పీ చెప్పీ అలవాటైపోయింది, అంతే.

సాయంత్రానికి పాట ఇరవై మూడు వేలకు వెళ్లింది! రాత్రి భోజనాల వేళకు, పాడుకున్న పెద్దమనిషి దగ్గరి నుంచి సందేశం వచ్చింది: 'అమ్మా, ఆ బహుశా తీసేస్తే ఇంకో రెండు వేలు పంపుతాను.'

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. 'బహుశా' అవ్యయం. తీసేస్తే వ్యాకరణ దోషం ఏమీ రాదు. 'మాట్లాడి ఉండవచ్చు' అన్నది కూడా తీసి 'మాట్లాడారు' అని పెడితే వాక్యం ఇంకా బిగిసింది. మంచి వాక్యం కోసం ఆ మాత్రం చేయడం భాషాసేవే కదా!

ఆ రోజు నుంచి అస్లాం కొట్లో రెండు రకాల సరుకు ఏర్పడింది. ఉత్త ఫోను రెండు వేలు. తాతగారితో సహా పాతిక వేలు. ఉత్త ఫోను మళ్లీ ఎవరూ అడగలేదు.

అలా వచ్చినవాడే అంకమ్మరావు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు రెండున్నాయి. తాడేపల్లిలో కొత్తగా మూడంతస్తుల ఇల్లు కట్టాడు. పాట గెలిచిన మర్నాడే కారేసుకుని నేరుగా ఆవిడ ఇంటికి వచ్చాడు.

"హాల్లో పెట్టాలండి టీచరమ్మ గారూ. వచ్చినోళ్లకి చెప్పులిప్పే లోపలే మా వంశం కనపడాల!"

"మంచిది. మీ తాతగారు ఏం చేసేవారండీ?"

"అది మీరే చెప్పాలండి."

"నిజంగా ఏం చేసేవారని అడుగుతున్నాను."

అంకమ్మరావు తలుపు వంక చూశాడు. గొంతు సగానికి తగ్గింది. "మిరపకాయల బస్తాలు కుట్టేవాడండి. రోజుకి రెండొందల బస్తాలు. ఆ ఘాటుకి కళ్లెప్పుడూ ఎర్రగా ఉండేయి. చిన్నప్పుడు, తాత ఎందుకో ఏడ్చి వచ్చాడనుకునేవాణ్ణి."

బాలసరస్వతి గారు వెంటనే కలం అందుకున్నారు. "ఎంత బాగుందండీ! ఇదే రాద్దాం."

"అమ్మా!" అన్నాడు అంకమ్మరావు కంగారుగా. "నేను పాతిక వేలిచ్చింది ఇది రాయడానికి కాదండి. ఇది ఊరికే ఉంది గదా!"

సరేనని ఆవిడ రాసిచ్చారు: 'ఆ ఏడు ఆకాశం ఒక్క చినుకు రాల్చలేదు. కలెక్టరు గారు ఫోను చేసి క్షేమమా అని అడిగారు. ముందు నా ఊరికి గింజలు పంపండి, తరవాత నా క్షేమం అడగండి, అని తాతగారు ఠపీమని ఫోను పెట్టేశారు. మర్నాడు తెల్లారేసరికి పన్నెండు బళ్ల ధాన్యం ఊళ్లోకి వచ్చింది.'

అంకమ్మరావు అది రెండుసార్లు చదివించుకుని, రెండోసారి కళ్లు తుడుచుకున్నాడు. "మా తాత అంతేనండి. ఎవరికీ లొంగే మనిషి కాదు!" అన్నాడు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే పొదిలి నుంచి శివరామకృష్ణ అనే ఆయన ఫోను చేశాడు. మూడు కాలేజీల అధినేత. ఆయన తాతగారు బావులు తవ్వేవాడట.

"ఎవరి బావులండీ?" అన్నారు ఆవిడ.

"అందరివీనండి. మాది తప్ప. మాకు పొలం ఎక్కడిది? ఆ గొడవంతా ఎందుకు గానీ, కాస్త హుందాగా ఉండే తాతని చూడండి."

అప్పటికి ఆవిడ పదిహేడు మంది తాతల్ని సృష్టించి ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో ముగ్గురు, గ్రంథాలయోద్యమంలో ఇద్దరు, పులిని చంపినవాడు ఒకడు. ఇక కల్పన అనేది అడుగంటిపోయింది. కాపీ కొట్టిన పిల్లల్ని ముప్ఫయ్యొక్క సంవత్సరాలు బెంచీ ఎక్కించిన ఆ చెయ్యే, ఊరి పేరొక్కటి మార్చి, అంకమ్మరావు తాతగారిని యథాతథంగా దించేసింది. పొదిలికీ తాడేపల్లికీ నూట యాభై కిలోమీటర్ల పైమాట. ఎవరు చూడొచ్చారు!

రెండు నెలల తర్వాత అంకమ్మరావు, శుభలేఖలు అచ్చయ్యేలోపే, స్వయంగా పిలవడానికి వచ్చాడు. కూతురు భవ్య నిశ్చితార్థం. తాడేపల్లిలో కృష్ణ ఒడ్డున పెద్ద ఫంక్షన్ హాలు. బాలసరస్వతి గారు వంశ చరిత్రకారిణి హోదాలో వచ్చి నాలుగు మాటలు చెప్పాలి. అస్లాం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెంట వచ్చాడు.

పెళ్లికూతురు ఆవిడని గదిలోకి పిలిపించుకుని కాళ్లకు దండం పెట్టింది.

"మీ వల్లే మేడం ఇదంతా. నేనూ లక్ష్మీకాంతూ కాలేజీలో కలిసి చదువుకున్నాం. మూడేళ్లు రెండిళ్లలోనూ ఒప్పుకోలేదు. వాళ్లది ఏం వంశం అని మా నాన్న, వీళ్లది ఏం వంశం అని వాళ్ల నాన్న! చివరికి వాళ్లింట్లో తాతల నాటి ఫోనుందని మా నాన్నకి తెలిసింది. మా ఇంట్లోనూ ఉందని వాళ్లకి తెలిసింది. అంతే, వారంలో ముహూర్తం పెట్టేశారు!"

దీవించబోయిన బాలసరస్వతి గారు చెయ్యి దించేశారు. "అబ్బాయిది ఏ ఊరమ్మా?"

"పొదిలి మేడం."

హాల్లోకి వచ్చేసరికి వేదిక మీద రెండు బల్లలు, రెండు పట్టు గుడ్డలు, రెండు నల్ల ఫోన్లు! ఒక్కోదాని పక్కన మెరుగుపెట్టిన ఇత్తడి పలక. అస్లాం వాటిని చూసి, "టీచరమ్మా, వెనక గేటు ఎటుందో కనుక్కుని వస్తా," అని గొణిగాడు. ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని ఆపారు.

మగపెళ్లివారు గనక ముందు శివరామకృష్ణ మైకు తీసుకున్నాడు. "ఆ ఏడు ఆకాశం ఒక్క చినుకు రాల్చలేదు!" అని ఎత్తుకున్నాడు. అంకమ్మరావు తల ఊపుతూ విన్నాడు. కలెక్టరు ఫోను చేసేసరికి ఊపడం మానేశాడు. పన్నెండు బళ్లు ఊళ్లోకి వచ్చేసరికి మొహం ఎండుమిరపకాయ రంగుకు వచ్చింది. వంగి ఆవిడ చెవిలో అన్నాడు.

"ఏంటి టీచరమ్మ గారూ ఇది? ఆ మాట అన్నది మా తాత గదండీ!"

ఇప్పుడు అంకమ్మరావు వంతు. చేతిలో చదవడానికి ఉన్నది ఆ ఒక్క కాగితమే. వెయ్యి మంది జనం. భవ్య తల వంచుకుని ఉంగరం కోసం చెయ్యి చాచి కూర్చుంది. బాలసరస్వతి గారు ఆ పిల్ల చేతికేసి చూశారు. నిజం చెబితే మూడేళ్ల తరవాత కుదిరిన సంబంధం ఈ పూటే విరుగుతుంది. చెప్పకపోతే ఇంకో నిమిషంలో అదే విరుగుతుంది. ఎలాగూ విరిగేదే అయినప్పుడు, కనీసం నిజం వల్ల విరిగిందన్న గౌరవమైనా దక్కుతుంది! ఆవిడ లేచి, అంకమ్మరావు కంటే ముందే మైకు అందుకున్నారు.

"అందరూ క్షమించాలి. ఈ రెండు చరిత్రలూ నేనే రాశాను. రెండూ ఒకటే. ఒకటి చూసి ఒకటి..."

 అంకమ్మరావూ శివరామకృష్ణా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ వ్యాపారస్తులు. ఆ చూపులో ఎన్ని బేరాలు నడిచాయో గానీ, అంకమ్మరావు ఒక్క ఉదుటున వచ్చి మైకు లాక్కున్నాడు.

"విన్నారా! రెండు చరిత్రలూ ఒకటేనని టీచరమ్మ గారు ధ్రువీకరించారు! అదే కలెక్టరు ఇద్దరికీ ఫోను చేశాడు! మా తాతా, బావగారి తాతా, ఒకరి మొహం ఒకరు ఎరగనోళ్లు, ఒకటే మాటన్నారు! ఈ రెండు వంశాల మనసులు అప్పుడే కలిశాయండి!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. వియ్యంకులు కావలించుకున్నారు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. బాలసరస్వతి గారు మళ్లీ మైకు అందుకోబోతే, పాపం సంతోషంతో మాట రావడం లేదనుకుని ఎవరో ఆవిడకి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. "అన్నీ బాగున్నాయి గానీ, ఆ రోజుల్లో పొదిలి నెల్లూరు జిల్లా గదండీ! గుంటూరు కలెక్టరు పొదిలికి ఎందుకు చేస్తాడూ?"

 అంకమ్మరావు మైకు శివరామకృష్ణ చేతిలో పెడితే, ఆయన దాన్ని మళ్లీ అంకమ్మరావు చేతిలోనే పెట్టాడు.

"ఎందుకు చేశారంటే," అంటూ రెండో వరసలోంచి తెల్ల పంచె కట్టిన పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. పేరు రామమూర్తి. రెవెన్యూ శాఖలో డిప్యూటీ తాసిల్దారుగా చేసి రిటైరైనవాడు. "ఆ ఏడు రెండు జిల్లాలకీ ఆయనే ఇన్‌చార్జి కలెక్టరు. నాకెలా తెలుసంటారా? ఆ కలెక్టరు సాక్షాత్తూ మా తాతగారు! పొదిలి ఆయనా, ఈ ఊరి ఆయనా తనని కసిరిన సంగతి పోయేదాకా చెప్పుకుని మురిసిపోయేవారు!"

 ఆ కలెక్టరుకి బాలసరస్వతి గారు పేరు కూడా పెట్టలేదు. అంతలోకే మనవడు వచ్చేశాడు! అదీ నయాపైసా ఖర్చు లేకుండా! రామమూర్తిని వేదిక మీదకు పిలిచి, రెండు ఫోన్ల మధ్య నిలబెట్టి, రెండు శాలువాలు కప్పారు. ఉంగరాలు మారాయి. ముసలాయన దండం పెట్టి కూర్చున్నాడు.

భోజనాల దగ్గర రామమూర్తి వెతుక్కుంటూ వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మా, కలెక్టరు గారి తరఫున మా ఇంట్లోనూ ఒక ఫోను ఉంటే బాగుంటుంది. మీ దగ్గర దొరుకుతుందని విన్నాను."

"రామమూర్తి గారూ," అన్నారు ఆవిడ, చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేసి, "మీ తాతగారు నిజంగా ఏం చేసేవారండీ?"

ఆయన అటూ ఇటూ చూసుకుని పెరుగు గిన్నె మీదకు వంగాడు. "కలెక్టరాఫీసులో బంట్రోతండి. ఫోను మోగితే ఎత్తి, పంచె కొంగుతో తుడిచి, దొరగారికి అందించడం ఆయన పని. ఇరవై ఆరేళ్లు అందించాడు. ఒక్కసారి కూడా చెవి దగ్గర పెట్టుకోలేదట."

బాలసరస్వతి గారు తల తిప్పి హాలంతా కలయజూశారు. ఇంతమంది తాతల్లో నిజంగా టెలిఫోను చేత్తో పట్టుకున్నవాడు ఆయనొక్కడే!

"అదే రాస్తానండీ!" అన్నారు ఆవిడ ఆత్రంగా. "పైసా తీసుకోను. అస్లాంకి చెప్పి ఫోను కూడా ఊరికే ఇప్పిస్తాను. ఆ తుడవడం, ఆ అందించడం, ఉన్నదున్నట్టు రాస్తాను."

"అయ్యయ్యో, వద్దండీ!" రామమూర్తి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "పాతిక వేలూ పంపుతాను, తాతగారు కలెక్టరే. శాలువాలు కూడా కప్పించుకున్నాను గదా!"

ఆవిడ సంచిలోంచి కాగితం తీశారు. ఆయన చెప్పుకుపోయాడు. మీసాలుండాలి. గుర్రం ఉంటే మంచిది. ఇంగ్లీషు దొరలు కూడా లేచి నిలబడాలి. అన్నీ చెప్పి, లేచి చెయ్యి కడుక్కోవడానికి రెండడుగులు వేసినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఎలాగూ రాస్తున్నారు గదా, పక్కన ఒక బంట్రోతుని కూడా పెట్టండి. ఫోను తుడిచి అందించడానికి. కలెక్టరంతటివాడు తనే ఎత్తుకుంటే ఏం బాగుంటుంది?"

బాలసరస్వతి గారు కలం ఆపి ఆయన మొహంలోకి చూశారు. "తప్పకుండా పెడతానండీ. ఏం పేరు రాయమంటారు?"

"భలేవారే!" అన్నాడు రామమూర్తి, శాలువా సర్దుకుంటూ. "బంట్రోతుకి పేరెందుకండీ!"