ఉప్పుకాలవ మీద బల్ల

ఎండాకాలమనేది భరించవలసిన కాలం కాదనీ, ఆనందించవలసిన కాలమనీ మా బ్లాకు ఆఫీసువారు ఈ సంవత్సరం తీర్మానించినారు. ఆ తీర్మానం మీద ముద్ర వేసిన గుమాస్తా నెత్తిన తడిగుడ్డ వేసుకోని ఉన్నాడట. అయినా ముద్ర ముద్రే.

పథకం పేరు 'వేసవి కుటుంబ విహార పాదయాత్రా శ్రమదాన పథకము'. (పేరు చదివేసరికే సగం దూరం నడిచినంత ఆయాసం వస్తుంది.) ఉద్యోగస్తులు సెలవల్లో పెండ్లాం పిలకాయలను వెంటబెట్టుకోని చూడదగిన చోటికి కాలినడకన పోవాలి. పోయే దారిని పోతూ పోతూ వాళ్ళే బాగుచెయ్యాలి. ఆ విధంగా ఆరోగ్యం, ఆనందం, రోడ్లు మూడూ ఒకే ఖర్చులో, అంటే ఏ ఖర్చూ లేకుండా, వస్తాయని ఆఫీసువారి అంచనా.

మా ఇంటాయన జ్ఞానప్రకాశం గారు కొడవలూరు పక్కన బడిపంతులు. "పదిరోజులు సముద్రం కాడ ఉండొద్దాం ఎస్తేరూ, పిలకాయలు సంతోషపడతారు" అన్నారు. సముద్రం గురించి నాకు తెలిసినది ఒకటే. అది లోతుగా ఉంటుంది.

అయినా పోయినాము. మాకు చోటిచ్చింది నాగులమ్మ. ఆమెది సముద్రం ఒడ్డున పాళెం. మొగుడు వేటకు పోతాడు. ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకోని మూడు మైళ్ళు నడిచి బస్సురోడ్డు చేరి, మా ఊళ్ళో అమ్ముకోని, సందకాడకు తిరిగి పోతుంది. పన్నెండేండ్లుగా మా ఇంట్లో ఉడికిన చేప ప్రతిదీ ఆమె నెత్తి మీద వచ్చిందే. ఆ మూడు మైళ్ళ కాలిబాటే మేము బాగుచెయ్యవలసిన దారి. ఇసుక దిబ్బలు, సరుగుడు తోపు, ముండ్లకంప, నడుమ ఒక ఉప్పుకాలవ. కాలవ దాటేదానికి ఒక తాటిదుంగ.

ఆ దుంగ నడిమికి పుచ్చిపోయింది. అడుగు పెడితే లోపల ఎవరో నిట్టూర్చినట్టు వినిపిస్తుంది. నాగులమ్మ దాని మీద రోజుకు రెండుసార్లు నడుస్తుంది.

"కొత్త దుంగ సంక్రాంతికి ముందే కొట్టించి గట్టున పెట్టించినానక్కా" అన్నది నాగులమ్మ. "దొర్లించి అడ్డంగా వేసేదానికి మనుషులు కావాల. మా మొగోళ్ళు తెల్లారకముందే వేటకు పోతారు, వచ్చినాక పడుకుంటారు. అడిగితే రేపంటారు. ఆ రేపు ఏ కేలండర్లో ఉండాదో నాకు తెలవదు. మీ శ్రమదానమోళ్ళు ఎప్పుడొస్తారు?"

శ్రమదానమోళ్ళంటే మేమే. మా సంసారం, ఇంకా రెండు పంతుళ్ళ సంసారాలు. అరగంట పని. కాని పార పట్టేముందు ఫారం పట్టాలి.

ఫారంలో ఎనిమిదో గడి: 'దారిలో గల అపాయములు'. మా ఇంటాయన కలం నా చేతికిచ్చి, "ఈ పాఠం నీదే" అన్నారు.

నీకేమి భయమమ్మా అని ఒక ఆఫీసు నన్ను అడగడం అదే మొదలు. ఇంట్లోవాళ్ళు అడగడం ఎప్పుడో మానేసినారు. నేను చదివింది ఆరో క్లాసే అయినా అక్షరాలు గుండ్రంగా వస్తాయి. పుచ్చిన దుంగతో మొదలుపెట్టినాను. తర్వాత పాములు. తేళ్ళు. వడదెబ్బ. ముల్లు గుచ్చుకోని ధనుర్వాతం. తాటికాయ నెత్తిన రాలడం. రాలుతుందేమోనని పైకి చూస్తూ నడిచి కాలవలో పడడం. ముంజలు ఎక్కువ తిని కడుపునొప్పి, అప్పుడు దగ్గర్లో డాక్టరు లేకపోవడం, ఉన్నా కొత్తవాడై ఉండడం. మా పెద్దది సామ్రాజ్యం భుజం మీదినుంచి తొంగిచూసి, "అమ్మా, తిమింగలం మరిచిపోయినావు" అన్నది. వెక్కిరింపని తెలుసు. అయినా రాసినాను. మొత్తం నలభైమూడు తేలినాయి. గడి చాలక రెండు కాగితాలు జతపరిచి ఆఫీసుకు పంపినాను.

నాలుగోనాడు దారుల ఆనంద విస్తరణాధికారి హజరత్తయ్య గారు వచ్చినారు. బస్సురోడ్డు కాడ జీపు దిగి, తాటిచెట్టుకు బోర్డు కొట్టించి, చెట్టుకింద ఒక బంట్రోతును కూర్చోబెట్టి, అట్లే జీపెక్కినారు. 'అపాయకరమైన దారి. నడవరాదు.' పది అపాయాలు దాటితే దారి మూసెయ్యాలని నిబంధన. నలభైమూడున్న దారి జిల్లాలో ఇంకెక్కడా లేదని ఆయన మా ఇంటాయనతో కొంచెం గర్వంగానే చెప్పినారట.

ఇక నాగులమ్మ సముద్రం ఒడ్డెంబడి చుట్టు తిరిగి, ఏడు మైళ్ళు నడిచి రోడ్డెక్కవలసి వచ్చింది. రోడ్డెక్కేసరికి ఎండ నెత్తికెక్కేది, గంపలో చేపలు మెత్తబడేవి. మెత్తబడిన చేపను మా ఊళ్ళో పిల్లి కూడా బేరమాడుతుంది. మూడోనాడు నిండు గంపతోనే తిరిగొచ్చి నా ముందర దించింది.

"ఎస్తేరక్కా, నువ్వేం రాసినావో నాకు తెలవదు. పన్నెండేండ్లు ఆ కాలవ నన్నేమీ చెయ్యలా. నీ కాగితం మూడు దినాల్లో చేసింది."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త నిద్ర పట్టేది.

మర్నాడు నేను మూసిన దారిలోనే నడిచి, దారి తెరవమని అడిగేదానికి బ్లాకు ఆఫీసుకు పోయినాను. పుచ్చిన దుంగను కూర్చోని జరుక్కుంటా దాటినాను. సామ్రాజ్యం వెనక నిలబడి నడిచి వచ్చింది. అది నాకు ఈతకాయంత విలువ కూడా ఇవ్వదు. బంట్రోతు మమ్మల్ని ఆపలేదు. ఆయన పని లోపలికి పోయేవాళ్ళను, గంపతో వచ్చేవాళ్ళను ఆపడమేనట.

హజరత్తయ్య గారు మర్యాదస్తులు. కుర్చీ వేయించినారు.

"తెరవడం ఎంతసేపమ్మా. రాసినవారే కొట్టివేయాలి. అపాయములు లేవని సంతకం పెట్టండి."

"దుంగ ఒక్కటి ఉంచి తక్కినవన్నీ కొట్టేస్తానయ్యా."

"దుంగ ఉంచితే అది వంతెన లెక్కలోకి పోతుంది. వంతెనలు మావి కావు, వేరే డిపార్టుమెంటు. వాళ్ళు వచ్చి చూడాలి."

"ఎప్పుడొస్తారు?"

"దారి తెరిచినాక వస్తారమ్మా. మూసిన దారిలో ప్రభుత్వోద్యోగి ఎట్లా నడుస్తాడు?"

ఆదివారం బడిలో పిలకాయలకు అబద్ధ సాక్ష్యం చెప్పరాదని నేర్పేది నేనే. కళ్ళు మూసుకోని ఒక నిమిషం ప్రార్థన చేసుకోని, 'ఈ దారియందు ఎట్టి అపాయమూ లేదు' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టినాను. నలభైమూడూ ఒకటొకటిగా కొట్టేసినాను. తిమింగలాన్ని మాత్రం ధైర్యంగా కొట్టేసినాను.

"ఇప్పుడు కొత్త దుంగ వేసుకోవచ్చునా అయ్యా?"

"అపాయం లేనప్పుడు ఎందుకమ్మా?" అన్నారాయన, నిజంగానే అర్థం కాక.

ఆ సాయంత్రం మా ఇంటాయన పథకం పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివినారు. (చదివిన మనిషి జిల్లాలో ఈయనొక్కడేనని నా నమ్మకం.) పదిహేడో పేరాలో ఉంది: 'విహార కుటుంబములు సేదతీరుటకై దారిలో బల్లలు అమర్చుకొనవచ్చును.' బల్ల ఎంత పొడుగుండాలో లేదు. దాని కింద నేల ఉండాలని కూడా లేదు.

తెల్లారి మూడు సంసారాలూ కలిసి గట్టున ఉన్న దుంగను దొర్లించినాము. పంతుళ్ళు తాడు లాగినారు, మేము ఆడవాళ్ళం గడ్డపారలతో ఎగదోసినాము, పిలకాయలు ఎట్లా చెయ్యాలో చెప్పినారు. ఫారంలో 'తాటి బల్ల, ఒకటి, ఇరవై అడుగులు' అని రాసినాము. నాగులమ్మ గంపతో నడిచి, నడిమికి పోయి ఆగింది. నా ఊపిరి కూడా ఆగింది.

"నిట్టూర్చడం లేదక్కా ఇది" అన్నది, గంప దించకుండానే నవ్వుతూ.

పదోనాడు హజరత్తయ్య గారు తనిఖీకి వచ్చినారు. ఈసారి చెప్పులు చేతబట్టుకోని కాలవ అటూ ఇటూ రెండుసార్లు దాటినారు. మూడోసారి ఊరికెనే దాటినారు. తర్వాత గట్టున నిలబడి, "బల్ల బాగున్నది. కాని ఎవరూ కూర్చోలేదే" అన్నారు. వాడకంలో లేని బల్లను తొలగించాలని నిబంధన. బడి తెరిచేదాకా రోజూ సాయంత్రం నాలుగునుంచి అయిదుదాకా ఏదైనా ఒక విహార కుటుంబం నుంచి ఒకరు దాని మీద కూర్చోని ఆనందించవలెనని ఉత్తర్వు రాసి ఇచ్చినారు.

మొదటి వంతు నాదే పడింది. కాలవ వైపు ఒకసారి చూసి, ఈత రానివాళ్ళు కూర్చోరాదని నిబంధన ఏమైనా ఉందా అయ్యా అని అడిగినాను.

"ఉందమ్మా" అన్నారు హజరత్తయ్య గారు, నా సంతకమున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "అది అపాయమున్న దారులకు."