సగం ధరకు సముద్రం

"సముద్రం మీద మూడు రాత్రులు గడపని మనిషికి ప్రపంచం గురించి మాట్లాడే అర్హత లేదు!"

వెలిమెల పక్కన విల్లాల సంఘం అధ్యక్షుడు త్రినాథరావు ఆదివారం సాయంత్రం క్లబ్‌హౌజ్‌ల మైకు పట్టుకొని ఈ మాట సెలవిచ్చిండు. ఎనక తెర మీద పెద్ద ఓడ, ఓడ ముంగట నల్లద్దాలు పెట్టుకున్న ఆయన. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఆఖరి వరుసల కూసున్న మొగులయ్య అందరికంటె ఎక్కువసేపు కొట్టిండు. కొట్టక ఏం జేస్తడు? సంఘం పంపిన నోటీసు ఆయన జేబులనే ఉన్నది మరి!

"విల్లా నంబరు తొమ్మిది నివాసి శ్రీమతి నర్సింహమ్మగారు అంతర్గత రహదారిపై ఎండుమిరపకాయలు ఆరబోయుట వలన సముదాయపు అంతర్జాతీయ ప్రమాణాలకు భంగం కలుగుచున్నది. రెండు నెలలలోగా నిలిపివేయనిచో తగు చర్య తీసుకొనబడును."

నర్సింహమ్మ మొగులయ్య తల్లి. డెబ్బై రెండేండ్లు. ఆ విల్లాలన్నీ లేచిందే ఆమె మిరపచేను మీద. భూమి ఇచ్చినందుకు బిల్డరు వాటా కింద ఒక విల్లా ఇచ్చిండు. ఇప్పుడు ఈతకొలను ఉన్నకాడ ఒకప్పుడు ఆమె బాయి ఉండె. చేను పోయినా అలవాటు పోలేదు. ఎండకాలం రాంగనే సదాశివపేట నుంచి బస్తాలు తెప్పించి ఇంటి ముంగట ఆరబోస్తది. "మేడ మీద పోసుకోరాదా అత్తమ్మా?" అని కోడలంటే, "మోకాళ్లు నీయా, నాయా?" అంటది.

మొగులయ్య కాజీపల్లి మందుల కంపెనీల ప్యాకింగ్ సూపర్‌వైజరు. పదిసార్లు ఆలోచించి ఒక సంగతి కనిపెట్టిండు. సంఘం కమిటీల ఏడుగురు. ఆ ఏడుగురూ క్లబ్‌హౌజ్‌ల ఓడ ఫొటోలు చూపించి సమోసాలు పంచినోళ్లే! ఓడెక్కనోని మాట ఆడ ఎవలూ వినరు. తనూ ఓడెక్కాలె, కమిటీల చేరాలె, అమ్మ మీది నోటీసు చింపెయ్యాలె. అంతే!

"గింత దానికి ఓడెందుకు?" అన్నది భార్య కమలాకుమారి. ఆమె సర్కారు బడిల టీచరు. "సింగూరుల పడవెక్కి ఫొటో దిగుదాం."

"సింగూరుకు అవతలి ఒడ్డు కనవడ్తదే! సముద్రానికి కనవడొద్దు."

మంగళారం మధ్యాహ్నం ఓడల ధరలు పడిపోతయని ఫ్యాక్టరీల ఎవరో చెప్పిండ్రు. మొగులయ్య మంగళారం సెలవు పెట్టి ఫోను ముంగటేసుకొని కూసున్నడు. ధర నిజంగనే తగ్గింది. సంబురపడి నొక్కంగనే రేవు చార్జీ అని ఒకటి, ఇంధనం చార్జీ అని ఒకటి, సిబ్బందికి ఇష్టపూర్వకంగ తప్పనిసరిగ ఇయ్యాల్సిన బక్షీసు అని ఇంకోటి వచ్చి చేరినయి. ఆ దినం జీతం గూడ కోత పడ్డది.

ఇగ లాభం లేదని పటాన్‌చెరు బస్టాండు ఎదురుంగ ఉన్న పోచయ్య దుకాణానికి పోయిండు. పోచయ్య షిరిడీ, తిరుపతి బస్సు టికెట్లు అమ్ముతడు. ఈ నడుమనే బోర్డు మీద 'అంతర్జాతీయ' అని రాయించిండు.

"అన్నా, ఓడ గావాలె. జెర సస్తాల, అగ్గువకు."

"అందరు సస్తాలనే అడుగుతరు. ఎక్కొచ్చినంక ఒక్కడు గూడ సస్తా అని చెప్పడు!" పోచయ్య నవ్విండు. "ఏప్రిల్ నెలాఖరుల ముంబై నుంచి గోవా, మళ్ల ముంబై. మూడు రాత్రులు. సీజన్ ఆఖరు, అందుకే అగ్గువ. కిటికీ లేని రూమైతే ఇంకా అగ్గువ."

"కిటికీ లేకుంటె ఏమాయె? పద్దెనిమిదేండ్ల సంది కిటికీ లేని ప్యాకింగ్ హాల్లనే బతుకుతున్న."

"ఇంకో ఆఫరున్నది. రూముల డెబ్బై దాటినోళ్లు ఒక్కలుంటె రూము మొత్తం సగం ధర. మీ ఇంట్ల ఉన్నరా?"

మొగులయ్యకు కన్నతల్లి మీద ఒక్కపారిగ ఎక్కడ లేని ప్రేమ పొంగుకొచ్చింది.

"మీ విల్లాలోళ్లే ఇంకొకలు గిదే ఓడకు తీసుకున్నరు," అన్నడు పోచయ్య టికెట్టు రాసుకుంట. "పేరు చెప్పొద్దన్నరు."

ఇంటికొచ్చి, "అమ్మా, నీకు సముద్రం చూపిస్త," అన్నడు మొగులయ్య. నర్సింహమ్మ చాటను పక్కకు పెట్టి కొడుకు రెండు చేతులు పట్టుకున్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "మీ నాయిన నన్ను సింగూరు కట్ట గూడ ఎక్కియ్యలే బిడ్డా! నువ్వు సముద్రం చూపిస్తనంటున్నవా?" ఆ గల్లీల నలుగురికి చెప్పుకున్నది. కొత్త చీర కొనుక్కున్నది. సగం ధర సంగతి చెప్పెయ్యాలని మొగులయ్యకు ఒక్కపారి అనిపించింది. మంచినీళ్లు తాగితె పోయింది.

విల్లాల వాట్సప్ గ్రూపుల ఆయన 'బాల్కనీ సూట్‌లో సకుటుంబ సముద్రయానం' అని పెట్టిండు. దాని కిందనే త్రినాథరావు పెట్టిండు: 'మేము ఈసారి గ్రీసు.'

ఓడల రూము తలుపు తెరువంగనే నర్సింహమ్మ, "గిది రూమా, బర్ల కొట్టమా?" అన్నది. దీపం ఆర్పితె పగలో రాత్రో తెల్వదు. ఆమెకు ఊపిరాడలే. కోడి కూసే యాళ్లకు లేచే మనిషి గదా! రెండోనాడు తెల్లారంగనే ఒక్కతే మెట్లెక్కి పైకి పోయింది.

పైన సముద్రం. ఎటు చూసినా నీళ్లే. ఆమె అట్లనే నిలవడి కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. ఆ తరువాత పక్కకు చూస్తె, రెండు కుర్చీలకు నైలాన్ తాడు కట్టి ఒకాయన లుంగీ, నాలుగు బనియన్లు ఆరేస్తున్నడు. త్రినాథరావు!

"సారూ, గ్రీసు గిదేనా?" అని అడిగింది నర్సింహమ్మ. నిజంగ తెలుసుకుందామనే అడిగింది పాపం.

త్రినాథరావు చేతులకెల్లి బనియన్ జారి కింద పడ్డది. "అంటే... అవ్వా... ఇక్కడ ఒక బనియన్ ఉతికితే కొత్త బనియన్ ధర తీసుకుంటున్నారు!"

"దాన్దేమున్నది? గాలికి ఎగిరిపోతది, గట్టిగ ముడెయ్," అని తనే లుంగీ కొసను తాడుకు ముడేసింది. అంతల అమ్మను ఎతుక్కుంట మొగులయ్య ఉరికొచ్చిండు. ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు చూసుకున్నరు.

"మొగులయ్యగారూ, మీకు బాల్కనీ ఉంది. నేను గ్రీసులో ఉన్నాను," అన్నడు త్రినాథరావు నెమ్మదిగ.

"నోటీసు?"

"ఏ నోటీసు?"

"కమిటీ?"

"సాంస్కృతిక కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది."

చేతులు కలుపుకున్నరు. నర్సింహమ్మతోని ఒట్టు పెట్టించుకోవాలని మాత్రం ఇద్దరికీ యాదికి రాలే.

మే నెల మొదటి ఆదివారం క్లబ్‌హౌజ్‌ల ఫొటోలు. త్రినాథరావు గ్రీసు సముద్రం చూపించిండు. ఓడ రెయిలింగుకు కట్టిన ఎర్రటి ట్యూబు కనవడ్డది. మొగులయ్య తన బాల్కనీ సముద్రం చూపించిండు. గదే ఎర్రటి ట్యూబు! అయినా చప్పట్లు దంచి కొట్టిండ్రు. ఎవరో లేచి, "మనలో అందరికంటే పెద్ద సముద్రయాత్రికురాలు నర్సింహమ్మగారు రెండు మాటలు చెప్పాలి," అన్నరు.

మొగులయ్య లేచి ఆపుదామనుకునేలోపే నర్సింహమ్మ మైకు పట్టుకున్నది.

"నా కొడుకు నాకు సముద్రం చూపించిండు. నాకింకేం వద్దు. మా రూముకు కిటికీ లేకుండె. అందుకే తెల్లారంగనే పైకి పోయిన. పోతె త్రినాథరావు సారు తాడు కట్టి లుంగీ ఆరేస్తున్నడు. నేనే ముడేసిన. మంచి మనిషి. నా నోటీసు గూడ తీసేసిండు."

ఇగ నవ్వుతరని మొగులయ్య తల వంచుకున్నడు. ఎవరూ నవ్వలే.

"కిటికీ లేని రూమే గదా? ఎంత పడ్డది?" అని ముందు వరుస నుంచి కోశాధికారి అడిగిండు.

"పోచయ్య దగ్గరనేనా? నాకు రూపాయి తగ్గియ్యలే!" అన్నడు ఉపాధ్యక్షుడు.

కమిటీకి కమిటీ లేచి నిలవడ్డది. త్రినాథరావు నిజంగనే బాధపడ్డడు. "మొగులయ్యగారూ, మీకెంత తగ్గించాడో నిజం చెప్పండి!"

"సగం," అన్నడు మొగులయ్య. నోరు జారింది. "అమ్మకు డెబ్బై దాటినయని..."

నర్సింహమ్మ కొడుకు దిక్కు చూసింది. "సగం ధర కోసమా బిడ్డా? నేనేమో సముద్రం చూపిస్త అంటె నా కోసమే అనుకున్న."

మైకు ఇంకా ఆన్‌లనే ఉన్నది. మొగులయ్యకు సిగ్గుతోని పానం పోయినంత పనైంది.

మర్నాడు పొద్దున్నే ఆమె రెండు బస్తాల మిరపకాయలు రోడ్డు మీద నిండుగ ఆరబోసింది. త్రినాథరావు మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చిండు.

"అవ్వా, అక్టోబరులో మళ్లీ ఓడలు మొదలవుతాయట. మా రూములో మీరూ ఉంటే..."

"కిటికీ ఉన్న రూమైతే వస్త. అప్పటిదాంక వీటికి కావలి గూసోవాలె. పావురాలు గలీజు చేస్తున్నయి."

మధ్యాహ్నానికి గ్రూపుల సర్క్యులర్ వచ్చింది: 'అంతర్జాతీయ ప్రమాణాలకు అనుగుణంగా మిరపకాయల పరిరక్షణకు కమిటీ సభ్యులు వంతులవారీగా విధులు నిర్వర్తించెదరు.'

వారం దినాలకు మొగులయ్య తల గోక్కుంట వచ్చి తల్లి పక్కన నిలవడ్డడు. "అమ్మా, డిసెంబర్ల లక్షద్వీప్ ఓడ ఉన్నదట. ఈసారి నిజంగ నీ కోసమే..."

నర్సింహమ్మ తల ఎత్తలే. కాయలు అటీటు తిరగేసింది.

"వస్త బిడ్డా, పేరు రాయించుకో. నన్ను ఓడెక్కిస్తమని నీ ముంగట ఏడుగురున్నరు. అందాక పావురాలను కొట్టే గా కట్టె పట్టుకో, సారు చాయ్ తాగొస్తడు."