లచ్చయ్య కోళ్ల కాపలా

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ డిపో బస్సు డ్రైవరు లచ్చయ్యకు ఇంట్లో కూర్చోవడమే ఉద్యోగమైంది. ఆ ఉదయం అతని భార్య అండాలమ్మ ఎల్బీనగర్ చౌరస్తాలో, నడిరోడ్డు మీద వండి నిరసన తెలిపే వంటావార్పుకు బయలుదేరుతూ ఒక్క పని అప్పజెప్పింది.

"కోడిపిల్లలు పైలం! పోయినసారి పిల్లలన్నిటినీ గండుపిల్లి పొట్టన పెట్టుకుంది. ఈసారి గూడ పోతే ఇగ నేను కోళ్ల ముచ్చటే ఎత్త. గూడుకాడ నుంచి కదలకు."

ఆ పిల్లల తల్లి, అండాలమ్మ నల్గొండ పల్లె నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న పెట్ట. పట్నంలో ఆమె కష్టసుఖాలు మొదట విన్నది ఆ కోడే.

"బస్సు నిండ జనాన్ని సముదాయించినోన్ని, ఒక్క పిల్లిని సముదాయించలేనా?" అన్నాడు లచ్చయ్య.

అన్నాడే గాని, గూడున్న డాబా మీద ఎండ మండిపోతోంది. అందుకని గూటి తలుపుకు ఒక దారం కట్టి, రెండో కొసను పిట్టగోడ మీద పేర్చిన స్టీలు పళ్లేలకు ముడేశాడు. పిల్లి తలుపు ముట్టుకుందా, పళ్లేలు పడతాయి, తనకు మెలకువ వస్తుంది. తన తెలివికి తానే మురిసిపోయి ట్యాంకు నీడలో నడుం వాల్చాడు.

పిల్లి రానే వచ్చింది. పళ్లేలు పడనే పడ్డాయి, కాకపోతే డాబా మీద కాదు, గోడ అవతల గల్లీలో. ఇవాళ ఏం కార్యక్రమం పెడదామా అని కింద బుర్ర గోక్కుంటున్న ఇంటి ఓనరు జనార్దన్ ఎగిరి గంతేశాడు. కాలనీలో ఉద్యమ నాయకుడు ఆయనే.

"ఇయ్యాల పళ్లేల మోతనా? నాకు చెప్పకుండనే షురూ చేసిన్రా!"

చిటికెలో గల్లీ అంతా గరిటెలతో, మూతలతో బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే లచ్చయ్య చేతికందిన గరిటెతో, పిల్లిని తరుముతూ మెట్ల మీంచి దిగాడు.

"గీ ఆలోచన లచ్చన్నదే! ముందట నడువాలె!" అని అరిచాడు జనార్దన్.

"ఆలోచన గాదు, పిల్లి! పైన గూడు తెరిచున్నది, కోడిపిల్లలున్నయి!"

"ఉద్యమం ముందట కోడిపిల్లలేందన్నా? ఎత్తున్రి!"

అతన్ని భుజాల మీదికి ఎత్తేశారు. ఆ భుజాల మీంచి చూస్తే, గండుపిల్లి పైపు పట్టుకుని తీరిగ్గా మళ్లీ డాబా ఎక్కుతోంది. తెనాలి నుంచి వచ్చి కింది వాటాలో ఉంటున్న సీతామహాలక్ష్మి, ఆ గుంపును చూసి దభాలున తలుపేసుకుంది. ఆవిడకు చెబుదామా అనుకున్నాడు లచ్చయ్య. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు వాళ్లది. గూటి వాసన గురించి రోజూ గొడవే. కోళ్లు పోతే మొదట కొబ్బరికాయ కొట్టేది ఆవిడేనని ఊరుకున్నాడు.

ఊరేగింపు ఎల్బీనగర్ చేరింది. "మా ఆయనే!" అని పక్కావిడకు గొప్పగా చూపించిన అండాలమ్మ ముఖం ఉన్నట్టుండి పాలిపోయింది.

"ఏమయ్యా, కోళ్లకాడ ఎవరున్నరు?"

లచ్చయ్య భుజాల మీంచి దిగబోయాడు. ఎవరో మైకు అందిస్తే "నన్ను దించున్రి" అన్నాడు. దానికీ చప్పట్లు కొట్టారు.

కిందికి దించగానే ఇద్దరూ ఇంటికి పరుగెత్తారు. బస్సు లేదు, నడపాల్సినవాడు పక్కనే రొప్పుతున్నాడు. పైకెక్కి చూస్తే గూడు ఖాళీ, రెండు ఈకలు. అండాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. లచ్చయ్య ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"తప్పయింది అండాలూ" అంటుండగానే కింది నుంచి కొక్కొక్కొమని వినిపించింది. అదీ సీతామహాలక్ష్మి వంటింట్లోంచి!

వెళ్లి చూస్తే పొయ్యి పక్కన గంప, గంప కింద తల్లికోడి, దాని రెక్కల కింద పిల్లలు, ఒక్కటీ తగ్గలేదు. ఆవిడ చేతిలో చీపురు, మోచేతి మీద పిల్లి గీరిన గాటు.

"భయమేసి తలుపేసుకున్నానండీ. కానీ పైన ఆ తల్లి గొంతు చించుకుంటుంటే వింటూ ఎలా కూర్చోమంటారు? గట్టి తలుపున్నది వంటింటికే. శుద్ధి రేపు చేసుకుంటాలెండి."

అండాలమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నువ్వు సల్లగుండాలె అక్కా! నా పానం నిలవెట్టినవ్." లచ్చయ్య నమస్కారం పెట్టాడు. ఇన్నాళ్లూ ఆవిడ గురించి అనుకున్నవన్నీ గుర్తొచ్చి సిగ్గుతో తలదించుకున్నాడు.

"అయ్యో, ఇంత మాత్రానికేనా! మీవాళ్లను మాత్రం కాస్త నెమ్మదిగా రమ్మనండి. పిల్లలు ఇప్పుడే కళ్లు మూశాయి."

సాయంత్రం ఊరేగింపు గల్లీలోకి తిరిగొచ్చేసరికి, లచ్చయ్య గుమ్మంలో వేలు పెదవుల మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అది చూసి జనమంతా "జై తెలంగాణ" అని గుసగుసగా నినదిస్తూ సాగిపోయారు.